ఫుసాయె గారి సీసాల అర

ఫుసాయె గారికి డెబ్భై దాటాయి. నకాసు అనే బార్ల పేటలో ఆవిడ బారు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఎనిమిది మంది కూర్చుంటే ఇక నిలబడటానికి కూడా చోటుండదు. బారు నడిపే ఆడమనిషిని మా పేటలో అమ్మ అనే పిలుస్తారు కాబట్టి, తనకంటే పెద్దవాళ్లకు కూడా ఆవిడ అమ్మే. పక్క వీధుల్లో మెరుపు గౌన్ల అమ్మాయిలు ఎందరో ఉన్నారు. మా దగ్గర ఆవిడా, గ్లాసులు కడిగే నేనూ, ఇద్దరం ముసలివాళ్లమే. అయినా మగవాళ్లు ఆయాసపడుతూ మా మెట్లే ఎక్కుతారు. ఆవిడలా తిట్టేవాళ్లు ఇంకెక్కడా దొరకరు మరి.

"ఆ టై ఏమిటయ్యా, ఎండుచేప వేలాడుతున్నట్టు? ఇంట్లో ఎవరూ చూడలేదా?" అంటుంది. తిట్లు తిన్నవాడు మురిసిపోయి, మైకు తీసుకుని ఇంకో పాట అందుకుంటాడు.

మా దగ్గర విస్కీ సీసా మొత్తం కొనుక్కుని, దాని మెడకు పేరు రాసిన చీటీ తగిలించి, అరలో ఉంచి వెళతారు. వచ్చినప్పుడల్లా అందులోంచే తాగుతారు. సీసా ఉన్నంతకాలం ఆ మనిషికి ఇక్కడ చోటున్నట్టే. చేపల మార్కెట్లో వేలం వేసే పని చేసి రిటైరైన కువబారా గారి సీసా సరిగ్గా మధ్యలో ఉండేది. నిరుడు డాక్టరు ఆయన్ని చుక్క కూడా ముట్టుకోవద్దన్నాడు. ఆయన రావడం మానేశాడు. ఫుసాయె గారే ఫోన్ చేసింది.

"వచ్చి ఏం చేయనమ్మా? అందరూ తాగుతుంటే రోగిష్టిలా నీళ్లు తాగుతూ కూర్చోనా? నా సీసా తీసేయండి."

"ఊరుకోండి, చెప్పొచ్చారు! గురువారం రండి."

ఆ గురువారానికి సీసాలో బార్లీ టీ ఉంది. రంగు అచ్చం అదే. ఎవరికీ చెప్పనని ఆవిడ ఆయనకు మాటిచ్చింది. ఆయన వేలం గొంతు మళ్లీ వీధిదాకా వినిపించసాగింది. నిజంగా తాగినవాళ్లకంటే ఈయనే ఎక్కువ ఊగేవాడు. ఇంత నటన ఎందుకని నాకైతే చిరాకేసేది.

ఈ వసంతం నుంచి మంగళవారాలు మధ్యాహ్నం కూడా తెరుస్తున్నాం. పెద్దవాళ్లు వచ్చి పాడుకుని, చీకటిపడేలోగా ఇళ్లకు చేరతారు. ఓ మంగళవారం బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. కూర్చోకుండా అరకేసి చూసింది.

"నేను కువబారా భార్యను, షిజునోని. ఆ సీసా పగలగొట్టడానికి వచ్చాను."

మూల స్టూలు మీద ఒగాతా ఉన్నాడు. కువబారా గారి పాత మార్కెట్ జతగాడు, నోట్లో నువ్వుగింజ నానదు. నిజం చెబితే ఇచ్చిన మాట పోతుంది, ఆ పెద్దమనిషి పరువూ పోతుంది. చెప్పకపోతే ఆయన ఇక ఈ మెట్లెక్కడు.

"అందరూ వెళ్లే స్నానాల ఇంటికని చెప్పి ఇక్కడికొస్తున్నాడు. ఒళ్లంతా సిగరెట్టు కంపు, నోట్లో పాటలు. తాగితే చస్తావని డాక్టరు చెప్పాడండీ. మీకు జాలి లేదా?" నాకు నిజంగా జాలేసింది.

ఒకరి సీసా ఇంకొకరికి పోయకూడదన్న నియమం ఫుసాయె గారు ఏనాడూ తప్పలేదు. ఆ రోజు తప్పింది. సీసా దింపి, గ్లాసులో ఐసు వేసి, పోసి ముందు పెట్టింది.

"పగలగొట్టే ముందు ఒక్క గుక్క తాగండి. మీ ఆయన సొమ్మే కదా."

షిజునో గారు కసిగా మింగింది. ఆగింది. మళ్లీ తాగింది. గ్లాసులోకి చూసి, సీసాకేసి చూసి, స్టూలు మీద కూలబడింది.

"ఏమ్మా, ఘాటుగా ఉందా?" అన్నాడు ఒగాతా.

"చాలా ఘాటుగా ఉందండీ," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. తర్వాత ఫుసాయె గారి చెవి దగ్గరికి వంగి, "నాకూ ఒక సీసా ఇవ్వండి. నాది మాత్రం అసలుదే," అంది.

గురువారం కువబారా గారు తన సీసా పక్కన భార్య పేరు చూసి ఫుసాయె గారి వైపు తిరిగాడు.

"చెప్పేశారా అమ్మా?"

"నేనొక్క ముక్క చెబితే ఒట్టు. మంగళవారం ఇద్దరూ రండి."

వచ్చారు. రెండు గ్లాసులకే షిజునో గారి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆవిడనే చూస్తూ కువబారా గారు ఆ రోజు ఊగడం మరిచిపోయాడు. ఒగాతా ఊరుకుంటాడా?

"ఏరా కువబారా, ఇవాళ ఇంత తాగినా నీకు ఎక్కలేదేమిట్రా?"

ఆయన తడబడేలోగా ఆవిడే అందుకుంది. "మా ఆయన ఎంత తాగినా తొణకడండీ. ఈ మనిషి సంగతి మీకు తెలీదు."

కువబారా గారి చెవులు ఎర్రగా అయిపోయాయి. వెళ్లేటప్పుడు తూలుతున్న భార్య చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చూపిస్తూ దించుతున్నాడు. ఫుసాయె గారు పైనుంచి అందరికీ వినబడేలా కేకేసింది.

"జాగ్రత్త కువబారా గారూ, అసలే మీరు తాగి ఉన్నారు!"