లైబ్రరీ మేడం, మా బావ గొంతు

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింటి గడప మీద కూర్చుని తెలుగు పాఠం పైకి చదువుతూ ఫోన్‌లో రికార్డు చేస్తోంది. సాయంత్రానికల్లా టీచరుకు పంపాలట. కుక్కర్ కూత వేస్తే మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వస్తుందని నన్ను స్టవ్ ఆపేయమంది. పప్పు ఉడికిందో లేదో చూడకుండానే ఆపేశాను. ఆ చిన్న గొంతు వింటూ నిలబడితే మా బావా, కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చే మా లైబ్రరీ మేడమూ కళ్ళ ముందు మెదిలారు.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో నేను ఒకటో తరగతికీ, మా అక్క భర్త మూడో తరగతికీ చెప్పేవాళ్ళం. బావ గొంతు గురించి చెప్పాలంటే ముందు మా బడి గోడల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ గొంతుకు అవి ఉన్నా లేకున్నా ఒకటే. ఆయన మూడో తరగతిలో ఎక్కం చెప్పిస్తుంటే నా ఒకటో తరగతి పిల్లలు కూడా వంత పాడేవాళ్ళు. గేటు బయట జామకాయలమ్మే ఆవిడకు మూడో తరగతి పాఠాలన్నీ నోటికి వచ్చేవి. ఇలా ఉండగా యాజమాన్యం కింది తరగతుల కోసం పెద్ద డిజిటల్ బోర్డు ఒకటి కొన్నది. మాలో ఎవరికీ దాన్ని ముట్టుకునే ధైర్యం లేదు. ఎవరో దాని మీద దుప్పటి కూడా కప్పారు. కంప్యూటర్ తెలిసిన మనిషి లైబ్రేరియన్ ఒక్కతే కాబట్టి, టీచర్లకు నేర్పే పని ఆవిడకు అప్పగించారు.

ఆవిడ నేర్పలేదు. లైబ్రరీలో పక్కన కూర్చోబెట్టుకుని, తన టిఫిన్ డబ్బాలోంచి పులిహోర పెట్టి, "మీ పిల్లలు ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారండీ?" అని అడిగేది. నా పిల్లల్లో తిరుమలగిరి వైపు నుంచి వచ్చినవాళ్ళకు బోరుబావి తెలుసు గాని పడవ తెలియదు. అది చెబితే, మాటలు లేని చిన్న పడవ వీడియో ఒకటి వెతికి పెట్టింది. "సౌండు లేకపోతే వాళ్ళే మాట్లాడతారండీ, చూడండి," అంది. నిజంగానే పిల్లలు ఆ పూటంతా మాట్లాడారు. ఆ తర్వాత టీచర్లందరం ఒక్కొక్కరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాం, బావ తప్ప. "బడి అన్నంక సారు గొంతు ఇనవడాలె. టీవీ సూసుడు ఇంటికాడ ఉండనే ఉన్నది," అనేవాడు.

ఆ వానాకాలంలోనే బావ గొంతు బొంగురుపోయింది. మిరియాలు, తేనె, వేడి నీళ్ళు అన్నీ అయ్యాక అక్క ఆయన్ని మిర్యాలగూడ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. గొంతులో చిన్న కాయ లేచిందనీ, ఆపరేషన్ చేయాలనీ, అప్పటిదాకా మాట్లాడకూడదనీ డాక్టరు చెప్పాడట. బావ ఇంట్లో పలక పట్టుకుని తిరిగేవాడు. "ఇన్నేండ్లకు మా ఇంట్ల రేడియో ఖరాబైంది," అని అక్క నవ్వింది గాని, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. బడిలో కరస్పాండెంట్ సార్ మర్యాదగానే అన్నాడు. "సారూ, జర రెస్ట్ తీసుకోండ్రి. దసరా అయినంక కొత్త టీచర్ను సూస్తం." బావ తలూపాడు. అంత పెద్ద మనిషి స్టాఫ్ రూం కుర్చీలో అంత చిన్నగా కూర్చోవడం నాకు కొత్త.

మర్నాడు లైబ్రరీ మేడం తనే మూడో తరగతికి వచ్చింది. "సార్, ఊరికే వీడియోలు పెట్టేస్తే పిల్లలు రెండు రోజులు చూసి మూడో రోజు గోల చేస్తారండీ. మీ చెయ్యి బాగానే ఉందిగా. బొమ్మలు మీరు గీయండి, బోర్డు మీదికి నేను ఎక్కిస్తాను. కథ వాళ్ళతో చెప్పిద్దాం," అంది. బావకు బొమ్మలు వేయడం బాగా వచ్చు. వాన చుక్క ఒకటి మబ్బులోంచి చెరువుకూ, చెరువు నిండితే వాగుకూ పోయే బొమ్మలు గీశాడు. ఆవిడ వాటిని ఫోన్‌తో ఫొటోలు తీసి, వేలితో తాకితే ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా బోర్డులో పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరూ లేచి కథ చెబుతుంటే రికార్డు చేసి, సాయంత్రం బావ ఫోన్‌కు పంపింది.

ఆ రాత్రి భోజనాల వేళ నేను అక్క వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ అన్నం కలపకుండా ఒకే రికార్డు మళ్ళీ మళ్ళీ వింటున్నాడు. మోతె నుంచి వచ్చే గొర్రెల కాపరుల పిల్ల అది. "సుక్క కథ గాడ అయిపోలే సార్. వాగు ఎండినంక గది ఇసుకల దాసుకుంటది. మా తాత చెలిమె తోడుతడు, నీళ్ళు ఊర్తయి. గొర్లు తాగుతయి," అంటోంది, ఎక్కడా తడబడకుండా. బావ పలక మీద రాసి నా వైపు తిప్పాడు. 'జూన్ నుంచి నా క్లాసులనే ఉన్నది. ఈ పిల్ల గొంతు నేను ఇన్లే.' తర్వాత కంచం పక్కకు జరిపి, ఇసుక కింద చల్లగా పడుకున్న వాన చుక్కను గీయడానికి కూర్చున్నాడు. అక్క ఆ కంచం మీద మూత పెట్టింది.

తర్వాతి వారం కరస్పాండెంట్ సార్ చెప్పకుండా క్లాసుకు వచ్చి వెనక నిలబడ్డాడు. బావ కిటికీ దగ్గర, మేడం తలుపు దగ్గర ఉన్నారు. బోర్డు ముందు ఆ మోతె పిల్ల ఉంది. ఆయన్ని చూసి కూడా ఆగలేదు, చెలిమె ఎట్లా తోడాలో ఆయనకే చేతులతో చూపించింది. ఆయన పాఠం అయ్యేదాకా ఉన్నాడు. బయటికి వెళ్తూ, "దసరా సెలవుల్ల ఆపరేషన్ చేయించుకోండ్రి సారూ. కొత్త టీచర్ సంగతి ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు. బావ అప్పుడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆపరేషన్ తర్వాత గొంతు వచ్చింది, సన్నగా. గేటు బయటి జామకాయల ఆవిడకు ఇక పాఠాలు వినపడలేదు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకునే అలవాటు మాత్రం రిటైరయ్యేదాకా బావలో ఉండిపోయింది. లైబ్రరీ మేడం భర్త ఉద్యోగంతో మిర్యాలగూడ వెళ్ళి, అక్కడి బడిలో చేరింది. అప్పుడప్పుడూ నేను ఫోన్ చేస్తే, పక్కన ఎవరో టీచరు కూర్చున్నారనీ, మళ్ళీ మాట్లాడతాననీ అంటుంది. మోతె పిల్ల ఇప్పుడు హైస్కూల్లో ఉంది, నాకంటే పొడుగైంది. ఏటా పిల్లలు ఎదిగి వెళ్ళిపోతూనే ఉంటారు, మూడో తరగతికి మాత్రం ఎప్పుడూ ఎనిమిదేళ్ళే. ఆ రెండిటి మధ్యలో వయసు మీదపడేది మాకే.