నేను తాగనివ్వని టీ

మొన్న పొద్దున పక్క పోర్షన్‌లోకి కొత్తగా కిరాయికి వచ్చిన పిల్ల, చాయ్‌పత్తి అయిపోయిందని చిన్న గిన్నె పట్టుకొని మా గడప దాకా వచ్చి, లోపలికి చూసి ఆగిపోయింది. గోడకున్న మా ఆయన ఫొటో ముందు, స్టూలు మీద, గ్లాసులో చాయ్ పొగలు కక్కుతోంది. ఆయన పోయినప్పటి నుంచి రోజూ ముందు ఆయనకు పోసి పెట్టి, తర్వాతే నేను తాగుతాను. ఆ పిల్లకు పెళ్లయి ఆరు నెలలు కూడా కాలేదు, మెళ్లో తాడుకు పసుపు ఇంకా పచ్చిగానే ఉంది, అందుకని ఏదో సాకు చెప్పి వెళ్లిపోతుందనుకున్నాను, వెళ్లిపోయినా తప్పు పట్టేదాన్ని కాదు. కానీ ఆమె వచ్చి చాప మీద కూర్చుని, నేనిచ్చిన గ్లాసు అందుకొని, ఫొటో వైపు చూసి అడిగింది, "పెద్దమ్మా, పెదనాయనకు చక్కెర జర ఎక్కువనా?" అని.

నేను స్టవ్ వైపు తిరిగి నిలబడ్డాను. మొగుడు గుర్తుకొచ్చి ఏడుస్తున్నాననుకుంది పాపం. నేనేడ్చింది ఇంకో గ్లాసు కోసం. దాదాపు ముప్పై ఏళ్ల కింద, సముద్రాల అవతల, ఒక ముసలామె చేతిలోంచి నేను లాగేసిన టీ కోసం. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా చెప్పలేదు. నాకు సంతకం చేయడం తప్ప రాత రాదు, నేను చెబుతుంటే ఈ పిల్లే రాస్తోంది. నా మాటల మొరటుతనాన్ని కాస్త సాపు చేస్తానంటే సరేనన్నాను, తప్పును మాత్రం సాపు చెయ్యొద్దన్నాను.

మేం పాలమూరు నుంచి వచ్చినవాళ్లం. తొంభైల్లో చిక్కడపల్లి బస్తీలో ఒక్క గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. ఆయన మేస్త్రి పని, గాంధీనగర్‌లో అప్పుడప్పుడే లేస్తున్న మూడంతస్తుల మీద పరంజా కట్టుకొని నిలబడేవాడు, నేను అశోక్‌నగర్‌లో అమ్మగారింట్లో పనికి పోయేదాన్ని. అమ్మగారిది కోస్తా వైపు, అయ్యగారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. నేను చీపురు పట్టుకొని గేటు తీసే వేళకు ఇల్లంతా కాఫీ వాసన వచ్చేది. డికాక్షన్ దింపడం అమ్మగారి పనే, ఆ ఫిల్టరు నన్ను ముట్టుకోనిచ్చేది కాదు, తోమడానికి కూడా ఇచ్చేది కాదు. మొదటి గ్లాసు వరండాలో పేపరు చదివే అయ్యగారికి, రెండోది తనకు. ఆయన ఒక గుక్క తాగి తలూపేదాకా ఆవిడ తన గ్లాసు ఎత్తేది కాదు. నలభై ఏళ్లు అట్లాగే నడిచిందట.

అయ్యగారు పోయాక అమ్మగారు కాఫీ మానేసింది. ఫిల్టరు కడిగి అరమీద బోర్లించింది, అంతే. పాలు కలిపి ఇచ్చినా, టీ పెట్టి ఇచ్చినా, చేతిలో పట్టుకొని చల్లారేదాకా చూసి పక్కన పెట్టేది. సుల్తాన్ బజార్‌కు ఎండలో నడిచిపోయి గాజుల కొట్టువాడితో గంటసేపు బేరమాడే మనిషి, నారాయణగూడ దాకా వెళ్లి కూరగాయలు ఏరి తెచ్చే మనిషి, పెరటి గదిలో కూర్చుండిపోయింది. చుట్టుపక్కల పేరంటాలకు పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. చెప్పొద్దూ, పొద్దున్నే ఆవిడ ఎదురైతే నేను కూడా ఒక క్షణం తల తిప్పుకునేదాన్ని, పైన పరంజా మీద ఉన్న మా ఆయనను తలుచుకొని.

అమ్మగారికి ఒక్కతే కూతురు. అల్లుడుగారు ప్రయాణికుల ఓడలో ఇంజనీరు. ఏడాది తిరిగి సంవత్సరీకాలు అయ్యాక, అమ్మను ఒకసారి గాలి మార్పుకు తీసుకుపోదామని, సింగపూరు దాకా విమానంలో వెళ్లి అక్కడ ఓడ ఎక్కేలా ఏర్పాటు చేశారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని పట్టుకొని నడిపించడానికి ఒకరు కావాలి, నేను తప్ప ఇంకెవరు వచ్చినా వెళ్లనంది అమ్మగారు. అట్లా నాకు పాస్‌పోర్టు వచ్చింది. బస్తీ అంతా వచ్చి చూసిపోయారు, ఫొటోలో పోలీసు పట్టుకున్న దొంగలాగా ఉన్నావని మా ఆయన నెల రోజులు నవ్వాడు.

ఓడలో చూసిన వింతలు చెప్పుకుంటూ పోతే తెల్లారదు కాబట్టి చెప్పను. జపాను దేశంలో ఒక చిన్న ఊరి రేవులో ఓడ ఒక పగలంతా ఆగింది. మన నల్లకుంట అంత కూడా ఉండదు ఆ ఊరు, ఒక వీధి, చేపల పడవలు, వెనక పచ్చటి కొండ, అంతే. ఓడ వచ్చిందని ఊరివాళ్లు డోళ్లు కొడుతూ ఎదురొచ్చారు. కొండ మీద గుడి ఉందని కూతురమ్మ, అల్లుడుగారు మిగతావాళ్లతో బస్సెక్కి పోయారు. అన్ని మెట్లు అమ్మగారు ఎక్కలేదు కనుక మమ్మల్నిద్దరినీ రేవు పక్కన వీధిలో ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, కదలకండని చెప్పి మరీ వెళ్లారు.

కాసేపటికి వాన పట్టింది. ఎదురింట్లోంచి ఒక ముసలామె గొడుగు తీసుకొని పరుగున వచ్చింది, అమ్మగారి వయసే ఉంటుంది, నడుము కాస్త వంగింది. ఏదో అంటూ, నవ్వుతూ, అమ్మగారి మోచెయ్యి పట్టుకొని తన ఇంటికే తీసుకుపోయింది. గడప దగ్గర చెప్పులు విప్పమని సైగ చేస్తే అమ్మగారి మొహం వెలిగింది, మనలాగేనే వీళ్లూ అంది. ఏడాది తర్వాత ఆవిడ తనంతట తానుగా అన్న మొదటి మాట అదేనేమో. లోపల నేలంతా చాపలే. ఆ ముసలామె మాకు పాలు, చక్కెర లేని పచ్చటి టీ పోసి, చిన్న మిఠాయి పెట్టింది.

అప్పుడు చూశాను. గది మూలన తలుపులు తెరిచిన చెక్క గూడు, అందులో ఒక మగాయన ఫొటో, ముందు అగరుబత్తి, పూలు, చిన్న గిన్నెలో గుట్టగా పోసిన అన్నం, పక్కన పొగలు కక్కుతున్న టీ. మా వైపు ఫొటో ముందు అట్లా గుట్టగా అన్నం పెట్టారంటే ఆ ఇంట్లో మనిషి పోయి పది రోజులు కాలేదన్నమాట, అది పిండమన్నమాట, ఆ ఇంట్లో పచ్చి నీళ్లు ముట్టకూడదు. మెళ్లో తాడు పట్టుకున్నాను. పరంజా మీద ఒంటికాలి మీద నిలబడిన మా ఆయన కళ్ల ముందు మెదిలాడు.

అమ్మగారు కూడా గూటి వైపే చూస్తోంది. ఆ ముసలామె ఫొటోను చూపి, అక్కడున్న టీని చూపి, తర్వాత తన గ్లాసును, తన గుండెను చూపించింది. ముందు ఆయనకు, తర్వాత నాకు అన్నట్టు. అమ్మగారికి అర్థమైంది. మైల సంగతి ఆవిడకు తెలియదా, నాకంటే నాలుగింతలు తెలుసు. అయినా రెండు చేతులతో గ్లాసు ఎత్తి, ఫొటో వైపు కాస్త చాచి, తన పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. చల్లారేదాకా చూడలేదు. నిజంగా తాగబోయింది.

నేను లాగేశాను. గ్లాసు లాగి చాప మీద పెట్టాను, టీ ఒలికింది.

"లేవండమ్మా, ఇది సావు ఇల్లు. గీడ మనం నీళ్లు గూడ తాగొద్దు."

చెయ్యి పట్టుకొని బయటికి ఈడ్చుకొచ్చినంత పని చేశాను. ఆ ముసలామె వెంటపడి వచ్చి గొడుగు ఇవ్వబోతే అదీ తీసుకోలేదు. అమ్మగారు తడుస్తూ ఆ బెంచీ మీదే కూర్చుంది. సాయంత్రం ఓడ కదిలేటప్పుడు ఊరివాళ్లు ఒడ్డున చేతులూపుతుంటే వాళ్లలో ఆమె కూడా ఉంది, అదే గొడుగుతో, తనేం తప్పు చేసిందో తెలియనట్టు నడుము వంచి వంచి దండాలు పెడుతూ. అమ్మగారు రెండు చేతులూ జోడించింది. నేను స్తంభం చాటుకు పోయాను.

ఇక్కడిదాకా భయం అనుకోవచ్చు. తెలియక చేశాననుకోవచ్చు. ఆ తర్వాత చేసిందే నన్ను తింటోంది. ఓడ కదిలాక, గుడి చూసి వచ్చిన కూతురమ్మను, ఏమీ ఎరగనట్టు, ఇక్కడ ఇళ్లల్లో ఫొటోల ముందు అన్నం పెడతారా అని అడిగాను. ప్రతి ఇంట్లో పెడతారట, పోయి ఎన్నేళ్లయినా రోజూ మొదటి అన్నం, మొదటి టీ వాళ్లకేనట, అందులో మైల ఏమీ లేదట, గుడి దగ్గర వాళ్లకు అదంతా చెప్పారట. విని ఊరుకున్నాను. భోజనమయ్యాక అమ్మగారి కాళ్లు పడుతుంటే ఆవిడ మెల్లగా అడిగింది.

"రోజూ పెడుతుందంటావా ఆవిడ? ముందు ఆయనకు పోసి, తర్వాత తను తాగుతుందా?"

ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. ఆ ఫిల్టరును మళ్లీ తిప్పి పెట్టడానికి ఆవిడకు ఒక్క అవునే కావాలి. అవునంటే, ఊరికే ఒక మంచి ఇంట్లోంచి తల్లిని వానలోకి లాక్కొచ్చానని కూతురమ్మకు తెలుస్తుంది, నాలుగు మాటలు పడాలి.

"లేదమ్మా, కూతురమ్మను అడిగిన. పది దినాలే పెడ్తరట. ఆయన మొన్ననే పోయిండట."

పదిరోజులేనా అని గోడవైపు తిరిగి పడుకుంది. అశోక్‌నగర్‌కు వచ్చాక ఫిల్టరు అట్లాగే బోర్లించి ఉండిపోయింది. చెబుదామని ఎన్నో పొద్దులు ఆవిడ గది ముందు చీపురు పట్టుకొని నిలబడ్డాను, చెప్పలేదు. రెండు వానాకాలాలు దాటి అమ్మగారు పోయింది. సామాను సర్దుతూ కూతురమ్మ, నీకేం కావాలో తీసుకో అంటే చాటలు, గిన్నెలు తెచ్చుకున్నాను కానీ ఆ ఫిల్టరు జోలికి పోలేదు. ఆవిడ ముట్టుకోనివ్వని వస్తువు, పైగా నేను చేసిన పని తర్వాత ఎట్లా ముట్టుకుంటాను.

మా ఆయన పరంజా మీంచి ఏనాడూ పడలేదు. ముసలితనంలో మంచం మీదే, దగ్గి దగ్గి పోయాడు. దినాలయిన మర్నాడు పొద్దున చెయ్యి తనంతట తానే రెండు గ్లాసుల్లో చాయ్ పోసింది. రెండోది పారబొయ్యడానికి చెయ్యి రాక ఆయన ముందు పెట్టాను. పెట్టాక నా గ్లాసు గొంతు దిగింది. ఇంత చిన్న సంగతి అది. అమ్మగారికి దొరక్కుండా నేను చేసింది ఇంత చిన్న సంగతిని.

ఇప్పుడు అమ్మగారి ఇల్లున్న చోట ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది, అక్కడ కాఫీ వాసన వస్తుందో రాదో లిఫ్టు తలుపులకే తెలియాలి. మొగుడు పోయిన ఆడవాళ్లు బొట్టు పెట్టుకొని పెళ్లిళ్లకు పోతున్నారు, ముందు వరసలో కూర్చుంటున్నారు, మంచిదే. పచ్చి తాడు మెళ్లో ఉన్న పిల్ల నా ఇంట్లో కూర్చొని చాయ్ తాగి, పోయినాయనకు చక్కెర జర ఎక్కువనా అని అడుగుతోంది. ఆ రోజు ఆ చాప మీద అమ్మగారి పక్కన నేను కాకుండా ఈ పిల్ల ఉంటే ఎంత బాగుండేది.

పొద్దున ఆయన గ్లాసు పక్కన ఇంకొకటి పెడదామా అనిపిస్తుంది. అమ్మగారి ఫొటో నా దగ్గర లేదు. ఉన్నా, ఏ మొహంతో పెడతాను?