కప్పు కింద పెట్టేదాకా

“ఎదుటివాళ్ల మొహంలోకే చూడలేవు, నీకు నాటకాలెందుకమ్మా?” అని దర్శకుడు మొదటిరోజే అడిగాడు. లైబ్రరీలో పాత పుస్తకాలు బైండు చేసే ఆమెకు ఆస్పర్జర్స్ అనే ఒక రకం ఆటిజం ఉంది. బయట ఎప్పుడు నవ్వాలో ఎవరూ చెప్పరు. నాటకంలో అదంతా రాసే ఉంటుందని ఆమెకు ఇష్టం. ఒక్క ప్రదర్శనకు, పరీక్షగా, కూతురి వేషం ఇచ్చాడు. తండ్రి టీ కప్పు కింద పెట్టాకే ఆమె మాట్లాడాలి. ప్రదర్శనలో తండ్రి వేషం వేసిన నటుడు అది మరిచిపోయి కప్పు పట్టుకునే నిలబడ్డాడు. ఆమె అతని చేతినే చూస్తూ నిమిషంసేపు కదల్లేదు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. చివరికి కప్పు కిందికి దిగాక, తన మాట స్పష్టంగా చెప్పింది.

“అంతసేపు ఎలా ఆగావమ్మా?” అని తర్వాత దర్శకుడు అడిగాడు.

“కప్పు పెట్టాకే అనమన్నారు కద సార్.”

ఆ వేషం ఆమెకే ఖాయమైంది. ఆ రోజు వేషానికి సోమవారం ఇస్తానన్న ఐదువందలు మాత్రం దర్శకుడు ఇంకా ఇవ్వలేదు. ప్రతి సోమవారం అడుగుతూనే ఉంది.