లచ్చవ్వ మల్లెచెట్టు

మొన్న కరీంనగర్ బస్టాండులో ఒకామె గంప మీది తడిగుడ్డ తీసింది. మల్లెమొగ్గల వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. 1960ల మొదట్లో మంథనిలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు లచ్చవ్వ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బడిలో కొత్తగా ఉద్యోగం, అన్నీ తెలుసునన్న పొగరు. ఎండలకు ఊరంతా వాడిపోయినా లచ్చవ్వ పెరట్లో మల్లె విరగబూసేదట. ఆ యేడు ఆ పూల కోసం ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటోంది. రెండు కాన్పులు పోయిన కూతురికి ఉగాది దాటాక శ్రీమంతం. తన చెట్టు మల్లెలే జడలో పెట్టాలని ఆవిడ ఆశ.

మాఘమాసంలో లచ్చవ్వ చెట్టు ఆకులన్నీ దూసేసి, నీళ్లు మానేసి, కూతురి దగ్గరికి పెద్దపల్లి వెళ్లింది. ఆ మోడును చూస్తే నా మనసు ఊరుకోలేదు. పదిహేను రోజులు బావిలోంచి తోడి పోశాను. చెట్టు పచ్చగా చిగిర్చింది. ఆవిడ రాగానే మెప్పు కోసం పెరట్లోకి లాక్కెళ్లాను. ఆవిడ ఒక చిగురు పట్టుకుని తిప్పి చూసింది.

"నీళ్లు వోసినవా పంతులమ్మా?"

"ఎండిపోతదేమోనని పోసిన అవ్వా."

"దానికి దూప గావాలె. మంచిగ దూపైనంక నీళ్లు వోస్తే మొగ్గ తొడుగుతది. ఇగ ఆకులే వస్తయి. నీకు చెప్పకపోవుడు నాదే తప్పు తియ్."

దప్పికను మా వైపు దూప అంటాం. చెట్టుకు కూడా అది కావాలని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

శ్రీమంతం నాటికి ఒక్క మొగ్గ లేదు. లచ్చవ్వ ఇంట్లోనే కూతురి జడకు కనకాంబరాలు చుట్టారు. వియ్యపురాలు మొహం చిట్లించి, "ఏటేటా పూసే చెట్టు గీ యేడే ఎందుకు పూయలే? ఎవరి కన్ను వడ్డది?" అంది. ఊరికి కొత్తదాన్ని కదా, అందరూ నావైపే చూశారు.

"కన్నూ లేదు గిన్నూ లేదు. నేనే మతిలేక ముందుగాల్ల నీళ్లు వోసిన," అంది లచ్చవ్వ, దండ చుడుతూనే. బిడ్డ మీద ఫికర్ లేదని, పట్టింపు లేదని వియ్యపురాలు నలుగురిలో దులిపేస్తుంటే తలవంచుకుని విన్నది. అంత పెద్ద మనసును నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రం ఏడుస్తూ అడిగాను, ఎందుకట్లా చెప్పావని.

"నాకేమైతది? ఓ పూట తిడ్తరు. నీ మీద వడితే గీ ఊర్లె నీ బడికి పిల్లలను తోలరు."

కూతురు క్షేమంగానే కన్నది. అయినా ఆ వియ్యపురాలికి నేను నిజం చెప్పలేదు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. తరగతిలో ఏదన్నా పగిలితే "ఎవరు?" అని అందరి ముందూ ఎప్పుడూ అడగలేదు. అంతవరకే నేర్చుకోగలిగాను. లచ్చవ్వలాగా ఇంకొకరి తప్పును నాదేనని చెప్పడం మాత్రం ఒక్కసారి కూడా నాకు చేతకాలేదు.