నాలుగు వేళ్ల పదును

రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్‌లో, నన్ను ఉరవకొండ వైపు ఒక వ్యవసాయ కళాశాల పొలానికి ఫీల్డ్ అసిస్టెంటుగా వేశారు. ప్రయోగాల మళ్లు కొలిచి, విత్తించి, మొలకలు లెక్కబెట్టి రిజిస్టరులో ఎక్కించే ఉద్యోగం. నేను కూలీగా చేరినవాణ్ణి. ముప్పై దాటాక మళ్లలో పాతిన లేబుళ్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను.

ఆ ఏడు ఎమ్మెస్సీ చదివే షాహీన్ అనే అమ్మాయి సినాప్సిస్‌ను, అంటే ఏం పరిశోధిస్తుందో రాసిచ్చే కాగితాన్ని, కమిటీ రెండుసార్లు తిప్పి పంపింది. మొదటిది ‘జిల్లాలో కరువు’. రెండోది ‘కరువులో వేరుశనగ’. మూడోదీ పోతే ఆ ఖరీఫ్‌లో విత్తనం పడదు, ఆమెకు ఏడాది పోయినట్టే.

కమిటీ కూర్చునే రోజు పొద్దున్నే పొలానికి వచ్చింది. ముందురోజు వాన పడింది. నేను మట్టి తవ్వి తడి ఎంత లోతు దిగిందో వేళ్లతో చూస్తున్నాను. ఆ తడినే మేము పదును అంటాం.

“ఏమ్మా, కరువునంతా రెండు కాగితాల్లో యాడ పట్టిస్తావు?” అన్నాను. మాట కటువే. ఆమె ఏడవలేదు, గుంతలోకి చూసింది.

“ఈడ విత్తరా తాతా?”

“జానెడు దిగల్ల. నాలుగు వేళ్లే ఉండాది. మొలుస్తాది, మళ్లా వాన రాకుంటే చస్తాది.”

“ఎన్నాళ్లకు చస్తాది?”

“నాకేం తెలుసు? మా నాయన వద్దన్యాడు, మేము ఎప్పుడూ వెయ్యలేదు.”

ఆమె స్కేలు తీసి నా నాలుగు వేళ్ల మందం కొలిచింది. ఏడు సెంటీమీటర్లు. జాన కొలిచింది. ఇరవై. అక్కడే గట్టు మీద కూర్చుని కాగితం తిరగరాసింది.

పదకొండుకు కమిటీ గది బయట నిలబడ్డాను. ఆ కొలతలు నా చేతివని ఆమె చెప్పిందట, కాసేపటికి నన్నూ లోపలికి పిలిచారు. ఛైర్మన్ గారు నా చేతిని బల్ల మీద పెట్టమని, పక్కన తన చెయ్యి పెట్టారు. ఆయన వేళ్లు సన్నం. ఎవరి చేతిని నమ్మి ప్రయోగం చేస్తావని ఆమెను అడిగారు. ఎవరి చేతినీ కాదు, సెంటీమీటర్లే రాశానంది. పొలంలో మెరక మట్టి, పల్లం మట్టి ఒకటి కాదు కదా అని ఆమె గైడు నిలదీశారు. ఆమె చదునుగా ఉన్న ఒకే చోట మళ్లు కట్టి, క్యాన్‌తో నీళ్లు పోసి ఏడుకు, ఇరవైకి తడుపుతానంది.

“మధ్యలో వాన పడితే?”

“ప్లాస్టిక్ పట్ట కప్పుతా సార్.”

ఛైర్మన్ గారు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. మధ్యలో పద్నాలుగు కూడా చేర్చమన్నారు. ‘కరువు’ అనే మాటను శీర్షికలోంచి కొట్టేయించారు. చివరికి మిగిలింది ఇంతే: విత్తే నాటికి తడి ఎంత లోతుంటే, రెండో వాన లేకుండా వేరుశనగ మొలక ఎన్నాళ్లు బతుకుతుంది. దాని కింద సంతకం పెట్టారు. నాలుగో రోజు విత్తాం.

అంతకుముందు పనిచేసిన పొలాల్లో, అంశం వెతుక్కుంటూ వచ్చిన పిల్లలకు నాకు తెలిసినవన్నీ చెప్పేవాణ్ణి. అవి అప్పటికే ఎవరో ఒకరు తేల్చినవి. ఆ రోజు నుంచి నాకు తెలియనివి చెప్పడం మొదలుపెట్టాను. అవే వాళ్లకు పనికొచ్చాయి.