సిల్వరు పడవ, పనస జిగురు

నీళ్లలో మునిగినవాళ్ల సంగతులు మీరు చాలా విని ఉంటారు. కూర్చున్న పడవకే అతుక్కుపోయి, దానితో పాటు నిదానంగా మునిగినవాడి సంగతి విన్నారా? వినకపోతే వినండి, వాణ్ణి నేనే. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

తొంభైలలో మాట. అరకు కొండల్లో మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చి, కరెంటు మాత్రం ఇంకా రాని రోజులు. చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్లంతా అడవికి వేటకు పోవాలి. కుందేలో పిట్టో ఏదో ఒకటి తెస్తే డప్పు కొట్టి ఊళ్లోకి తీసుకెళ్తారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పొలిమేరలోనే కాపు కాసి పేడనీళ్లు పోస్తారు. నా విలువిద్య గురించి ఏం చెప్పను? నేను గురి పెట్టానంటే అడవిలో అందరికన్నా భద్రంగా ఉండేది ఆ కుందేలే. ఏటా తడిసి తడిసి, చివరికి ఈగలు కూడా నన్ను బంధువులా పలకరించేవి.

ఆ ఏడు మా మరదలు కొండమ్మ తెగేసి చెప్పింది.

"ఈపాలి కూడా ఉత్త సేతుల్తో వచ్చేవనుకో, నన్నడగడానికి మా ఇంటికి రాకు బావా. పేడకంపు మొగుడు నాకొద్దు."

అదీ నా కష్టం. నా పెళ్లి ఒక కుందేలు దయ మీద ఆధారపడింది. ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. అడవిలో వేట దొరకనివాడు నీళ్లలో వెతుక్కోవచ్చు కదా. కొండ దిగితే రిజర్వాయరు, దాని నిండా చేపలు. కావలసిందల్లా ఒక పడవ.

పడవ కూడా ఉంది. ఎప్పుడో సర్వేకి వచ్చినవాళ్లు వదిలేసిపోయిన అల్యూమినియం పడవ. మేం సిల్వరు పడవ అనేవాళ్లం. రివిట్లు ఊడి చిల్లులు పడిన దాన్ని కొండమ్మ తల్లి, అంటే మా అత్త, పెరట్లో బోర్లించి కోళ్లగూడు చేసుకుంది.

"అత్తా, ఆ పడవ నాకిత్తావా?"

"ఇత్తే కోళ్లు ఎక్కడ తొంగుంటాయిరా?"

"మా ఇంట్లో."

"మీయమ్మ ఒప్పుకుందేటి?"

"ఒప్పుకుంటాది."

మా అమ్మ ఒప్పుకోలేదు. ఆ సంగతి కోళ్లకు తెలీదు కాబట్టి అవి వచ్చి మా అటక ఎక్కేశాయి.

సంతలో బిందెలకు మాట్లు వేసేవాడు పడవను చూసి ఒక ధర చెప్పాడు. ఆ ధరకు పడవతో పాటు రిజర్వాయరు కూడా ఇస్తాడేమో అనుకున్నాను. సరే, మనకు చేతులు లేవా? చిల్లి బిందెకు మా అమ్మ పనస జిగురు కాచి రాసేది. పుల్లలకు పూసి పిట్టలను పట్టేదీ ఆ జిగురుతోనే. చెట్టు మాదే, కాయలు మావే, ఖర్చు సున్నా. జిగురు కాచి, గుగ్గిలం కలిపి, పడవకు లోపలా బయటా ప్రతి చిల్లికీ పట్టించాను. మిగిలింది పారేయడం ఎందుకని, కూర్చునే బల్లకున్న చిల్లులకు కూడా పూశాను. పొదుపరిని కదా.

నా స్నేహితుడు సుక్రన్న వేలితో నొక్కి చూశాడు. "ఎండకి కరగదేటిరా?"

"మా బిందె ఎప్పుడైనా కరిగిందేటి?"

బిందె ఇంట్లో నీడపట్టున ఉంటుంది, పడవ ఎండలో పెనంలా కాలుతుంది. ఈ చిన్న తేడా నాకు తట్టలేదు. నా ధీమా చూసి సుక్రన్న కూడా నమ్మేశాడు.

పండగనాడు పొద్దున్నే పడవను నీళ్లలోకి దింపాం. తేలింది. నిజంగానే తేలింది. గాలం వేసుకుని రాజులా కూర్చున్నాను. చేపలు ఎర తినేసి మర్యాదగా వెళ్లిపోతున్నాయి. ఈలోగా ఎండ ముదిరింది.

"ఒరే, నా కాళ్లు తడుత్తన్నాయి," అన్నాడు సుక్రన్న.

"సెమటరా."

"సెమట పిక్కల దాకా వత్తాదేటి?"

వంగి చూద్దును కదా, జిగురంతా పాకంలా జారిపోయి చిల్లులన్నీ నోళ్లు తెరిచాయి. సుక్రన్న నీళ్లలోకి దూకేశాడు.

"బేగి దూకురా."

"నువ్వెళ్లు. నేను కూకుంటాను."

"మునిగిపోతన్నావురా."

"తెలుసురా. లెగలేకపోతన్నాను."

నిక్కరు బల్లకు అతుక్కుపోయింది. పరువా, ప్రాణమా అని నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. నిక్కరును పడవకు అప్పగించి ఈదాను. ఒడ్డు దగ్గరే కాబట్టి బతికిపోయాం. ఒడ్డున పెట్టిన తువ్వాలు నడుముకు చుట్టుకుని, పడవను పైకి లాగి, ఒక పక్క రాయి ఎత్తు పెట్టి బోర్లించి, ఆ నీడలో దూరి పడుకున్నాం. ఆలస్యంగా వెళితే ఆడవాళ్లు విసిగి ఇళ్లకు పోతారని నా ఆశ.

పొద్దు వాలుతుండగా నెత్తిమీద ఏదో కిచకిచమంది, టపటపమంది.

"ఏటిరా ఆ సప్పుడు?"

"రివిట్లురా. సల్లబడతన్నాయి," అన్నాను ఇంజినీరులా.

పడవ కింద నుంచే లేచి, దాన్ని అలాగే ఇద్దరం నెత్తిన పెట్టుకుని నడిచాం. పేడనీళ్లు పోసినా పడవ మీదే పడతాయి, అదీ నా ఎత్తు. దారి పొడుగునా రివిట్లు అరుస్తూనే ఉన్నాయి. బల్లకు వేలాడుతున్న నా నిక్కరు అడుగడుగునా నా ముఖం తుడుస్తోంది.

పొలిమేరలో ఆడవాళ్లు ఒక్కరు కూడా విసగలేదు. అందరూ ఉన్నారు. కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఒక్క చుక్కా పడలేదు. ఎవరో కిసుక్కుమన్నారు.

"బావా," అంది కొండమ్మ గొంతు. "పడవ మీద గోరింక ఏటి సేత్తంది?"

దించి చూస్తే, పడవ అడుగున కారగా మిగిలిన నా జిగురులో కాళ్లు ఇరుక్కుని ఒక గోరింక ఊరందరినీ తిడుతోంది. వెంటనే ఛాతీ విరిచాను.

"వేట," అన్నాను.

మా అత్త ముందుకొచ్చింది. "పడవ నాది. నా కోళ్లగూటికి సిక్కిన పిట్ట నాది. ఈడు ఉత్త సేతుల్తోనే వచ్చేడు."

ఆడవాళ్లు కుండలెత్తారు. పిట్ట పోతే పోయింది, కొండమ్మ కూడా పోయినట్టే అనుకుంటే ఏడుపొచ్చింది.

"ఆగండి," అంది కొండమ్మ. "గూడు నీదేనమ్మా. పిట్ట సిక్కింది బావ జిగురుకి. వేట బావదే."

ఎవరో ఆముదం తెచ్చారు. కొండమ్మ గోరింక కాళ్లకు మెల్లగా రాసి విడిపించి వదిలేసింది. అది ఎగిరిన ఎత్తు కన్నా పైకి నా మనసు ఎగిరింది. అంతలో ఆమె పడవను తిరగేసింది. బల్ల మీద నా నిక్కరు దర్శనమిచ్చింది.

"మా ఇంటికొచ్చి అమ్మనడుగు బావా. పిట్టని తెచ్చినందుకు అది," అంది. "సేపలకని ఎల్లి నిక్కరు ఇడిసొచ్చినందుకు ఇది."

కుండెడు పేడనీళ్లు నా నెత్తిన పడ్డాయి.

పడవ తిరిగి మా అత్త పెరట్లో బోర్లాపడింది. కోళ్లు మాత్రం మా అటక దిగలేదు. కొన్నాళ్లకు వాటి వెనకే కొండమ్మ కూడా మా ఇంటికి వచ్చేసింది. నేను మా కొండదేవత మీద ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో పనస జిగురు పూసిన దేని మీదా కూర్చోను. తప్పనిసరై కూర్చోవలసి వస్తే, రెండు నిక్కర్లు వేసుకుంటాను.