నా వెనక నడిచిన ముగ్గురు

మా చిన్నప్పుడు మా వాడకట్టులో ఆటలన్నీ కాళ్ళతోనే... దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ళ, కుంటాట. రెండు కాళ్ళూ బాగున్న వాళ్ళు ఒంటికాలి మీద కుంటుతూ కేరింతలు కొట్టేవాళ్ళు. వాళ్ళకది ఆట. నాకు నడక.

పసితనంలో వచ్చిన జ్వరానికి నా ఎడమకాలు సన్నబడిపోయింది. అందుకని నాకొక ఉద్యోగం ఇచ్చారు. అరుగు మీద కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాయడం. జీతం బత్తెం లేకపోయినా ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు.

బడికి పోయేటప్పుడూ అంతే. మా అక్క సుజాత తన జట్టుతో ముందు నడిచేది. మొదట్లో అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి, "జర జల్దీ నడువే, బెల్లు కొడ్తరు" అని కేకేసేది. తర్వాత తిరగడం కూడా మానేసింది. నేనెప్పుడూ వాళ్ళ వీపులే చూస్తూ నడిచాను. ఎవరి జడకు ఏ రంగు రిబ్బను ఉండేదో ఇప్పటికీ చెప్పగలను.

మా మేనమామ బొంబాయి లైనులో లారీ నడిపేవాడు. మా జహీరాబాద్ మీదుగా పోయినప్పుడల్లా మా ఇంటి ముందు ఆపి, టీ తాగి పోయేవాడు. ఒక ఎండాకాలం సెలవుల్లో చేతిలో అట్టపెట్టెతో దిగాడు.

"మా లారీ సేటు పిల్లలు ఆడి ఆడి ఇడ్సిపెట్టిన్రట. టీవీకి తలిగిస్తె బొమ్మలొస్తయి. నువ్వు ఇంట్ల కూసొనే ఆడొచ్చు బిడ్డా" అన్నాడు.

పెట్టెలో వీడియో గేమ్ డబ్బా. అందులో ఉన్నది ఒక్కటే ఆట. అక్షరాలు జపానువట... కోడి గెలికినట్టు ఉండేవి. మా నలుపు తెలుపు టీవీలో కత్తి పట్టుకున్న వాడొకడు ఊళ్ళూ అడవులూ గుహలూ తిరిగేవాడు. వాణ్ణి నడిపించేది నేను. దారిలో రాక్షసుడు ఎదురైతే తెర మీద కొన్ని వరసలు వచ్చేవి. వాటిలో ఒకటి ఎంచుకుని మీట నొక్కాలి. పై వరస కొట్టడమని తొందరగానే తెలిసింది. కింది వరస మందు అని తెలిసేలోపు ఆ మందంతా రాక్షసుడికే పోశాను. వాడు శుభ్రంగా కోలుకుని మా వాణ్ణే చంపాడు.

"పాముకు పాలు పోసుడంటె ఇదే" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.

మొదటి రోజు వాడకట్టు పిల్లలంతా కిటికీకి అతుక్కుపోయారు. మర్నాటికి సగం మంది లేరు. పక్కింటి యాదగిరి తేల్చి చెప్పేశాడు. "ఏంది గిది? ఒకసారి వీడు కొడ్తడు, ఒకసారి వాడు కొడ్తడు. నడుమ ఒకని మొకం ఒకడు సూస్కుంట నిలబడ్తరా?"

మళ్ళీ చెప్పులు అరుగు మీద పడ్డాయి. ఈసారి కాపలాకు నేను లేను.

వాళ్ళకు విసుగు పుట్టించిందే నాకు నచ్చింది. ఆ ఆటలో వంతులుండేవి. నా వంతు వచ్చిందంటే అది నాదే, ఎవరూ లాక్కోలేరు. నేను లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి, కడవలో నీళ్ళు ముంచుకుని తాగి, గడప దాటొచ్చిన మేకపిల్లను అదిలించి, నింపాదిగా తిరిగొచ్చినా సరే... రాక్షసుడు అక్కడే నిలబడి ఉండేవాడు. అంత మర్యాదస్తుణ్ణి మా ఊళ్ళో నేను చూడలేదు.

కొంత దూరం పోయాక కత్తివాడికి ముగ్గురు తోడయ్యారు. ఒక గడ్డం తాత, ఒక గొడ్డలి పహిల్వాను, తెల్లబట్టల ఆవిడ ఒకరు. గాయాలు మాన్పుతుంది కాబట్టి ఆమెకు దవాఖానమ్మ అని పేరు పెట్టుకున్నాను. ముగ్గురూ నా వెనక వరసగా నడిచేవాళ్ళు. నేను ఆగితే ఆగేవాళ్ళు. తిరిగితే తిరిగేవాళ్ళు. ఒక్కరు కూడా నన్ను దాటి పోలేదు.

అది మొదటిసారి గమనించిన రోజు యుద్ధాలన్నీ పక్కన పెట్టేశాను. ఊరికే నడిపించాను... బావి చుట్టూ, ఇళ్ళ చుట్టూ. ఎటు పోయినా ముగ్గురూ నా వెంటే. ఏడుపొచ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని అమ్మ అడిగితే, కళ్ళు మండుతున్నాయని చెప్పాను.

ఒక మధ్యాహ్నం అక్క వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి అడిగింది.

"ఏమే, వాళ్ళు ముంగట పోరా?"

"పోరు."

"తొవ్వ తెల్వదా వాళ్ళకు?"

"తెలుసు. అయినా పోరు."

అక్క లేచి వెళ్ళిపోయింది.

బడి తెరుస్తారనగా కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చి ఆ డబ్బా కాలిపోయింది. ఇల్లంతా కమురు వాసన. "బొంబాయిల బాగు చేపిస్త, ఫికర్ చెయ్యకు" అని మామ పట్టుకుపోయాడు. అది బాగు కాలేదు. నా వాళ్ళు నలుగురూ ఏదో గుహ ముందు నిలబడిపోయారు... నా వంతు కోసం.

బడి మొదటి రోజు. రాత్రి కురిసిన వానకు దారంతా ఎర్ర బురద. జట్టంతా ఎప్పటిలాగే ముందుకు పోయింది. నేను అడుగు చూసి అడుగు వేస్తున్నాను. తలెత్తి చూస్తే వాళ్ళలో అక్క ఆకుపచ్చ రిబ్బను కనబడలేదు. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

తిరిగి చూశాను. అక్క.

"నన్నేం సూస్తవ్? నువ్వు నడువు. నేను ఎన్క ఉన్న" అంది.

మేము పోయేసరికి బెల్లు ఎప్పుడో కొట్టేశారు. ఇద్దరికీ బెత్తం దెబ్బలు పడ్డాయి. మర్నాడు అక్క మళ్ళీ తన జట్టుతో వెళ్ళిపోయింది. నేనేమీ అనుకోలేదు. తనూ చిన్నదే కదా... కానీ ఆ ఒక్క పొద్దు జట్టు కనుచూపు దాటిపోయాక రైల్వే గేటు నుంచి బడి దాకా నా ముందు ఒక్క వీపు కూడా లేదు. ఆ దారి అంత వెడల్పుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు అక్క కొడుకు ఫోన్లో ఆడుతుంటాడు. అందులో ఒక్క క్షణం ఆగితే చచ్చినట్టే. వంతులుండే ఆటలు లేవా అని అడిగితే, "అవి శాన స్లో చిన్నమ్మా" అన్నాడు తలెత్తకుండా. బయటా అలాగే ఉంది. హైవే దాటాలని నిలబడితే ఏ బండీ ఆగదు. అన్నీ పోయేదాకా నేనే ఆగుతాను. ఆ రాక్షసుడు గుర్తొస్తాడు.

మీ చిన్నప్పుడు మీ కోసం నడక తగ్గించుకున్న వాళ్ళు ఎవరైనా ఉన్నారా... ఒక్క రోజైనా సరే? ఉంటే వాళ్ళ పేరు ఇక్కడ రాయండి. ముందు నేను రాస్తున్నాను... సుజాతక్క.